హద్దు గోడ ముందు, షెడ్డు తర్వాత

పల్నాడులో పొలం కొన్నవాడు ముందు వెళ్ళి చూసుకునేది హద్దు రాళ్ళనే. రాయి లేని గట్టు ఏటా జానెడు అటో ఇటో జరుగుతుంది. పదేళ్ళు పోయేసరికి అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతాయి. పొలం దగ్గర ఇంత జాగ్రత్తపడే మనం ఇంటి దొడ్లో వర్క్‌షాపు వేసుకునేటప్పుడు మాత్రం హద్దు సంగతి మర్చిపోతాం. నాలుగు గోడలు లేపి, పైన రేకులు వేసి, "సగం పనికి, సగం ఇంటి సామానుకి" అని నోటిమాటగా అనుకుంటాం. ఆ సగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే గుర్తంటూ ఏదీ ఉండదు.

తర్వాత ఏమవుతుందో మన నడికుడిలో దొడ్డి ఉన్న ఏ ఇంటివారికైనా తెలుసు. మొదటి నెల షెడ్డు అద్దంలా ఉంటుంది. వానలు పడగానే ఎండాకాలం కూలర్ ఒక మూలకు చేరుతుంది. దాని మీదికి నులక మంచం ఎక్కుతుంది. పొలం నుంచి మందు కొట్టే తైవాన్ పంపు, డ్రిప్ పైపుల చుట్టలు వస్తాయి. పెళ్ళికి కొన్న గుండిగలు అటక మీద పట్టక ఇక్కడికి దిగుతాయి. మాఘమాసం వచ్చేసరికి మిరప గోతాలు, "ఈ ఒక్క వారమే" అన్న మాటతో. చివరికి వెల్డింగ్ చేసే మనిషి మిషను బయటికి లాక్కుని, వీధిలో ఎండలో కూర్చుని గేటు అతికిస్తుంటాడు.

ఇందులో ఇంటివాళ్ళ తప్పు లేదు. ఆ సామాను పెట్టుకోవడానికి వేరే చోటు లేదు. పనివాడి తప్పూ లేదు. తప్పంతా షెడ్డు వేసేముందు వేసుకోని లెక్కలో ఉంది. రోజుకు పది నిమిషాలు సామాను జరపడానికే పోతే, 300 పనిదినాలకు 50 గంటలు. ఎనిమిది గంటల రోజుల్లో చెప్పాలంటే ఆరు రోజుల సంపాదన. షెడ్డు ఉన్నన్నాళ్ళూ ఏటా కట్టే జరిమానా అది.

వెల్డింగ్, వడ్రంగం, మోటారు వైండింగ్, రాతిపని, కుట్టుపని, ఏది చేసేవారైనా ఇంటి దొడ్లో షెడ్డు వేయాలనుకుంటుంటే, మేస్త్రీని పిలిచే ముందు ఈ కింది క్రమంలో ఒక వారం పని చేయండి. ఖర్చు ఒక టేపు, ఒక నోటుబుక్కు.

మొదటి లెక్క: ఇంటి సామాను

ఈ లెక్క ఇంటి ఆడవాళ్ళు లేకుండా వేయకండి. ఏ వస్తువు ఏ నెలలో వస్తుందో, ఎన్నాళ్ళుంటుందో వాళ్ళకే తెలుసు. నోటుబుక్కులో మూడు పేజీలు పెట్టండి. ఒకటి రోజూ చేయి వేసే వస్తువులకు, రెండోది కారు కారుకీ మారేవాటికి, మూడోది ఏడాదికి ఒకసారి పండక్కో పెళ్ళికో దించేవాటికి. ప్రతి వస్తువు పక్కన పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో రాయండి. బియ్యం గోతాన్ని అంచనాగా రాయకండి, టేపు పెట్టి కొలవండి.

తర్వాత ఏడాదిలో సామాను అన్నిటికంటే ఎక్కువగా ఉండే నెల ఏదో చూడండి. సాగు ఉన్న ఇంట్లో సాధారణంగా అది ధాన్యం, మిరప ఇల్లు చేరే కాలం. గది ఆ నెలకు సరిపోవాలి. ఈరోజు కనిపించే సామానుకు కొలిచి కట్టిన గది జనవరికి చాలదు. చాలనిదంతా మీ పని బల్ల మీదికే వస్తుంది.

ఈ జాబితా రాస్తుంటే ఇంకో మేలు జరుగుతుంది. పాడైన మిక్సీలు, తుప్పు పట్టిన డబ్బాలు, ఎవరూ ఎక్కని సైకిలు బయటపడతాయి. వాటికి గోడ కట్టనక్కర్లేదు. పాత ఇనుము వాళ్ళకు వేసేయండి.

రెండో లెక్క: పని

వర్క్‌షాపు కొలతను నిర్ణయించేది మీరు చేతపట్టే అతి పెద్ద వస్తువు. వడ్రంగికి అది 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉండే ప్లైవుడ్ షీటు. రంపం బ్లేడుకు ముందు 8 అడుగులు, వెనక 8 అడుగులు ఖాళీ లేకపోతే ఆ షీటు కోయలేరు. వెల్డర్‌కు అది 20 అడుగుల ఇనుప పైపు. మోటారు మెకానిక్‌కు బోరు మోటారును పైకి లేపే చైన్ బ్లాకు, దాన్ని మోసే గడ్డరు ముఖ్యం. కుట్టుపనివారికి గుడ్డ పరిచి కత్తిరించే బల్ల.

నేలమీద సుద్దముక్కతో గీయండి. మిషను ఎక్కడ, బల్ల ఎక్కడ, మనిషి ఎక్కడ నిలబడతాడు, పని అయిపోయిన వస్తువు ఏ దారిన బయటికి పోతుంది. దొడ్లోనే గీసి, నిజంగా ఒక పైపు పట్టుకుని తిరిగి చూడండి. కాగితం మీద సరిపోయిన చోటు మోచేతికి సరిపోదు. బల్ల చుట్టూ కనీసం మూడడుగుల నడవ మిగలాలి. తలుపు మామూలు మూడున్నర అడుగులది వద్దు. ఏడు, ఎనిమిది అడుగుల షట్టరు పెట్టించండి. తయారైన గేటు తలుపులో పట్టక గోడ పగలగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

మన నేతగాళ్ళ ఇళ్ళు ఈ విషయంలో పెద్ద పాఠం. మంగళగిరి లాంటి చోట్ల గుంట మగ్గం పెట్టుకున్న ఇంట్లో మగ్గం గుంటకు చోటు ముందు పడుతుంది. గుంట ఒకసారి తవ్వాక ఎవరూ జరపలేరు. ఇల్లే దాని చుట్టూ సర్దుకుంటుంది. మీ షెడ్డులో కూడా జరపలేనిది ఒకటి ఉండాలి. ఆ జరపలేనిది గోడ కావాలి.

గోడ కప్పు దాకా వెళ్ళాలి

ఇంటి సామానుకూ పనికీ మధ్య గోడ, ఆ సామాను గదికి ఇంటివైపు తెరుచుకునే సొంత తలుపు. ఈ రెండూ ఉంటే మిగతా పొరపాట్లను తర్వాత దిద్దుకోవచ్చు. వర్క్‌షాపులోంచి సామాను గదికి తలుపు పెట్టకండి. పెడితే బియ్యానికి వచ్చే అమ్మ, ఆమె వెనకే వచ్చే పిల్లవాడు తిరిగే గ్రైండరు పక్కనుంచి నడుస్తారు.

చాలామంది ఖర్చు తగ్గుతుందని ఈ గోడను ఏడడుగుల దగ్గర ఆపేస్తారు. పైన ఖాళీ వదిలేస్తారు. నిప్పురవ్వ, పొట్టు, పొగ, రంగు వాసన అన్నీ ఆ ఖాళీలోంచే అవతలికి పోతాయి. లెక్క చూడండి. 14 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు గోడ అంటే 168 చదరపు అడుగులు. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తున్న సిమెంటు ఇటుకలు సుమారు 190 పడతాయి. ఏడడుగులకే ఆపితే మిగిలేవి 80 ఇటుకలు. ఆ ఎనభై ఇటుకల కోసం ఏడాది తిండిగింజల్ని నిప్పురవ్వలకు ఎదురుగా పెట్టినట్టవుతుంది.

సామాను గదిలో అరలకు ఇనుప రాక్‌లు కొనక్కర్లేదు. మన దగ్గర నాపరాయి ఉంది. పాలిష్ యూనిట్ల దగ్గర అంచు విరిగిన బండలు తక్కువ ధరకు దొరుకుతాయి. గోడ కట్టేటప్పుడే వాటిని గోడలోకి దిగేసి అలమరలు చేయించండి. చెదపట్టదు, తుప్పు పట్టదు. గోతాలు నేలమీద నేరుగా పెట్టకుండా అరడుగు ఎత్తున బండ దిమ్మె కట్టించి, గోడకు అడుగు దూరంలో పేర్చండి. గోడ చెమ్మ గింజలకు తగలదు, ఎలుక దూరితే కనపడుతుంది.

యూరియా బస్తాలు ఇనుప పనిముట్ల పక్కన పెట్టకండి. యూరియా గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది, పక్కనున్న ఇనుముకు తుప్పు తెస్తుంది. పురుగుమందులు తిండిగింజలున్న గదిలో అసలు వద్దు. బయట, తాళం వేసే చిన్న పెట్టెలో, పిల్లల చేతికి అందని ఎత్తులో ఉంచండి.

ఎండ, వాన, నేల

రాష్ట్రంలో ఎండలు మండినప్పుడల్లా వార్తల్లో వినపడే రెంటచింతల మన పల్నాడులోదే. ఇక్కడ షెడ్డు దిక్కు చూసుకోవడం అంటే ఎండను చూసుకోవడం. షెడ్డు పొడుగు తూర్పు పడమరలుగా ఉంచండి. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు వస్తాయి, కిటికీలు వాటికే పెట్టించండి. సాయంత్రపు ఎండ కొట్టే పడమటి చివర సామాను గదికి ఇవ్వండి. మీరు పగలంతా ఉండేది పనిచోట. బస్తాలు ఆ వేడి ఓర్చుకుంటాయి. గింజలకు చెమ్మ చేసినంత చెరుపు పొడి వేడి చేయదు. అయితే విత్తనాలు, మనుషులు వాడే మందులు, పచ్చడి జాడీలు మాత్రం ఇంట్లోనే ఉంచాలి. వేడికి విత్తనం మొలకశక్తి పోతుంది.

కప్పు ఎత్తు 11, 12 అడుగులకు తగ్గనివ్వకండి. కప్పు కిందే గాలి రంధ్రాలు పెడితే వేడిగాలి పైనుంచి వెళ్ళిపోతుంది. సిమెంటు రేకులకో, స్లాబుకో ఏటా ఎండలు ముదిరే ముందు పిడుగురాళ్ళ సున్నం రెండు పూతలు వేస్తే లోపల తేడా తెలుస్తుంది. జింకు రేకులకు మాత్రం సున్నం వద్దు, అది జింకు పూతను తినేస్తుంది. వాటికి తెల్ల రంగు వేయించండి.

మన ఊళ్ళలో ఒక వీధిలో నల్లరేగడి, పక్క వీధిలో రెండడుగులకే రాయి తగులుతుంది. రేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. దానిమీద కట్టిన గోడా దానితోపాటే కదులుతుంది. షెడ్డే కదా అని అడుగున్నర పునాదితో సరిపెట్టకండి. గట్టినేల తగిలేదాకా తవ్వించి, రేగడి తీసేసి, మొరం నింపించండి. బేస్‌మట్టం వీధికంటే అడుగున్నర, రెండడుగుల ఎత్తు ఉండాలి. షట్టరు ముందు మెట్లకు బదులు ఏటవాలు దిమ్మె పోయిస్తే బండి, కంప్రెసరు తోసుకుపోవచ్చు.

నేలకు పాలిష్ బండ వద్దు. నూనె పడితే కాలు జారుతుంది. గరుకు నాపరాయి పరవండి. లేతు, కంప్రెసరు లాంటి బరువైన మిషను కింద మాత్రం కాంక్రీటు దిమ్మె వేయించండి, బరువుకు బండ పగులుతుంది. గ్యాసు కటింగ్ నేల మీదే చేయకండి. ఆ వేడికి కాంక్రీటైనా రాయైనా చిట్లి ముక్కలు కంట్లోకి ఎగురుతాయి. ఇసుక తొట్టి మీద చేయండి.

నిప్పు, గ్యాసు, కరెంటు

పత్తి పండించే ఇళ్ళవారికి గట్టిగా చెప్పాల్సిన మాట ఇది. వెల్డింగ్ జరిగే కప్పు కింద పత్తి వద్దు. గోడ ఉన్నా వద్దు. ఒక్క రాత్రికైనా వద్దు. వెల్డింగ్ రవ్వలు ఎగిరే దూరాన్ని దృష్టిలో పెట్టుకుని, చుట్టూ 35 అడుగుల్లో మండే వస్తువు ఉండకూడదని అగ్నిమాపక ప్రమాణాలు చెబుతాయి. పత్తిలో పడ్డ రవ్వ అప్పటికప్పుడు మండకపోవచ్చు. లోపల గంటల తరబడి రాజుకుని, ఇల్లంతా నిద్రపోయాక లేస్తుంది. అందుకే ఏ వెల్డింగ్ పనైనా ముగిశాక కనీసం గంటసేపు ఆ చోటు విడిచి వెళ్ళకండి.

ఆక్సిజన్ సిలిండరు, కటింగ్ గ్యాసు సిలిండరు వాడకంలో లేనప్పుడు ఒకదానికొకటి 20 అడుగుల దూరంలో ఉండాలి. లేదా మధ్యలో అయిదడుగుల ఎత్తున నిప్పుకు తట్టుకునే గోడ ఉండాలి. నిలబెట్టి, గొలుసుతో కట్టి, షెడ్డు బయట వసారాలో నీడన ఉంచండి. వంట గ్యాసు సిలిండరు, థిన్నరు డబ్బాలు సామాను గదిలోకి రానివ్వకండి. నిప్పార్పే పౌడరు సిలిండరు షట్టరు పక్కనే, చేయి చాస్తే అందేలా తగిలించండి. నిప్పు అంటుకున్నాక లోపలి గోడ దాకా వెళ్ళి తేలేరు. ఫైరు ఆఫీసు నంబరు 101 గోడ మీద పెద్దగా రాయించండి.

ఇంటి మీటరు నుంచి షెడ్డుకు వైరు లాగడం అందరూ చేసే పనే. కానీ ఇంటి అవసరానికి ఇచ్చిన కరెంటును వ్యాపారానికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద టారిఫ్‌కు రెట్టింపు లెక్కగట్టి వసూలు చేస్తారు. దానికంటే పెద్ద భయం ఇంటి వైరింగు. వెల్డింగ్ మిషను లాగే కరెంటుకు అది వేడెక్కుతుంది, గోడలోపలే కాలుతుంది. విద్యుత్ సంస్థ సీపీడీసీఎల్‌లో వేరే మీటరుకు దరఖాస్తు చేయండి. విడిగా ఎర్త్ గుంట తవ్వించి, షాక్ కొడితే తనంతట తానే ట్రిప్పయ్యే ఆర్‌సీసీబీ పెట్టించండి.

ధూళి గురించి ఒక మాట. చెక్కపొట్టునూ, వెల్డింగ్ పొగనూ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. రాయి కోసేవారు నీళ్ళు పోస్తూ కోయాలి. గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూసి, పొగ మీ ముఖం మీదుగా కాక పక్కనుంచి పోయేలా బల్ల వేసుకోండి. ఊపిరితిత్తులు కూడా పనిముట్టే, వాటికి మార్చుకునే స్పేరు లేదు.

ఒక నమూనా

ఇంటికి ఉత్తరంగా 28 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు దొడ్డి ఉందనుకుందాం. సెంటుంపావు పైచిలుకు. అందులో షెడ్డు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. గోడల మందం పక్కన పెడితే 336 చదరపు అడుగులు.

పడమటి చివర 7 అడుగులు సామాను గది. దాని తలుపు దక్షిణంగా, వంటింటికి ఎదురుగా. పైన అటక, తేలిక వస్తువులకు మాత్రమే. మిగిలిన 17 అడుగులు వర్క్‌షాపు. షట్టరు తూర్పున, సందువైపు. ఉత్తరపు గోడ వెంబడి, కిటికీ వెలుగులో బల్ల. దక్షిణపు గోడకు పనిముట్లు వేలాడదీసే పలక. ప్రతి పనిముట్టు చుట్టూ పెయింటుతో గీత గీస్తే, సాయంత్రానికి ఏది తిరిగి రాలేదో కళ్ళకే తెలుస్తుంది.

20 అడుగుల పైపు ఈ 17 అడుగుల్లో పట్టదు. దానికోసం షెడ్డు పెంచనక్కర్లేదు. ఉత్తరపు గోడకు బయట, చూరు కింద 24 అడుగుల పొడవునా బ్రాకెట్లు బిగిస్తే పైపులు అక్కడ ఉంటాయి. కోయాల్సి వచ్చినప్పుడు తూర్పు షట్టరు ఎత్తితే పైపు కొస బయటికి వస్తుంది.

కాగితాలు, డబ్బు

నడికుడి ఇప్పుడు దాచేపల్లి నగర పంచాయతీలో భాగం. కాబట్టి షెడ్డుకైనా ప్లాను అనుమతి ఎలా ఉండాలో, సరిహద్దు నుంచి ఎంత వదలాలో పునాది తీయకముందే వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడగండి. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతాయి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. షెడ్డు మొదలుపెట్టే ముందే పక్కింటివాళ్ళకు మీ పనివేళలు చెప్పి ఒప్పించుకోండి. ముందు చెప్పిన మాటకు ఉన్న విలువ తర్వాత చెప్పిన సంజాయిషీకి ఉండదు.

చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరికీ డబ్బు కట్టకండి. వడ్రంగి, కమ్మరి, శిల్పి, రాళ్ళు కొట్టేవారు, తాపీ మేస్త్రీ, దర్జీ సహా 18 వృత్తులవారికి 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల అప్పు ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది. వెల్డింగ్, మోటారు వైండింగ్ ఆ జాబితాలో పేరుతో లేవు. వాళ్ళు బ్యాంకులో ముద్ర రుణం అడగవచ్చు, 50,000 లోపు శిశు, 5 లక్షల దాకా కిశోర్. అప్పు మొత్తం గోడలకే పోనివ్వకండి. గోడ డబ్బు తేదు, మిషను తెస్తుంది. కనీసం రెండు నెలల సరుకుకు డబ్బు చేతిలో ఉంచుకుని పని మొదలుపెట్టండి.

ఇంట్లో ఒప్పందం

గోడ లేచాక ఇంటిల్లిపాదీ కూర్చుని మూడు మాటలు ఒప్పుకోండి. సామాను గదిలోకి పనిముట్టు వెళ్ళదు. వర్క్‌షాపులోకి గోతం రాదు. గది నిండితే కొత్త వస్తువు పెట్టేముందు పాత వస్తువు ఒకటి బయటికి పోతుంది. ఈ మూడింటికీ పనివాడూ ఇంటివాళ్ళూ సమానంగా కట్టుబడాలి. పనివాడు తన ఇనుపముక్కలు ఇంటి గదిలో దాచి, ఇంటివాళ్ళ మంచాన్ని మాత్రం బయటపెట్టమంటే ఆ ఒప్పందం నెల కూడా నిలవదు.

దొడ్లో షెడ్డు వేసుకోవడమంటే బజారులో అద్దె తప్పడం ఒక్కటే కాదు. మధ్యాహ్నం ఇంట్లో అన్నం తినవచ్చు, బడి నుంచి వచ్చిన పిల్లల్ని చూసుకోవచ్చు, ముసలి తల్లి పిలిస్తే పలకవచ్చు. అంత మేలు దొరికే చోట రోజూ "నీ మిషను తియ్యి", "నీ గోతం తియ్యి" అన్న మాటలు మిగలకూడదు. 190 ఇటుకల గోడ ఒకటి ముందే కట్టుకుంటే ఆ మాటలు అనాల్సిన పనే పడదు. పొలం గట్టు మీద మన తాతలు పాతిన రాయి చేసింది కూడా ఇదే: ఎదురెదురుగా నిలబడి వాదించుకోవాల్సిన మనుషులు, రాయి సాక్షిగా ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.